కలరా ఉండల మనిషి

రజని ఆ పొద్దున్న చెప్పిన మాట చాలా చిన్నది.

"శుక్రారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆటో ఎక్కి తెలీబంధా ఎల్తాను. పదకొండుకి సేఠ్‌జీ కొట్లో ఉంటాను. అన్నం వేళకి ఇంటికొచ్చెస్తాను. ఒక్కద్దాన్నే."

చిన్నారావు చేతిలో టీ గ్లాసు ఉంది. అందులో సగం లుంగీ మీదికి ఒలికింది. కాలినా 'అబ్బా' అనలేదు. అంతకంటే పెద్ద మంట గుండెలో రాజుకుంది మరి.

చిన్నారావు గూడ్సు బండి గార్డు. భయం అతనికి పుట్టుకతోనే వచ్చింది. రైల్వేవాళ్ళు దాన్ని నెలనెలా జీతమిచ్చి పెంచి పెద్దచేశారు. ఎక్కడో యాభై ఎనిమిది పెట్టెల అవతల ఇంజను, ఇవతల చిట్టచివరి డబ్బాలో గార్డు ఒక్కడు. ముందర ఏ చక్రం పొగ చిమ్ముతోందో, ఏ కొక్కెం ఊడుతోందో కనబడదు. ఊడితే మాత్రం సంజాయిషీ తను రాయాలి. ఇరవై రెండేళ్ళు వెనక కూర్చుని ముందు జరగబోయేదానికి భయపడ్డ మనిషి, రాయపూర్ మోవాలోని సొంతింట్లో కూడా అలాగే తయారయ్యాడు.

రజనికి మొదట రేచీకటి వచ్చింది. తరవాత చూపు పక్కలనుంచి దగ్గరకొచ్చింది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు మిగిలిన ఆ కాస్త వెలుగూ నిరుడు దసరాలకి ఆరిపోయింది. మూడు నెలలు ఏడ్చింది. నాలుగో నెల ఏడుపు మీద విసుగొచ్చి, చూపులేనివాళ్ళ కోసం త్రివేణి మేడం నడిపే కేంద్రంలో చేరి తెల్లకర్రతో నడవడం నేర్చుకుంది. ఇప్పుడు కరెంటు పోతే ఇంట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోతారు, ఆవిడ మాత్రం పప్పు తాలింపు పెట్టేస్తుంది. ఉల్లిపాయలు తరిగినప్పుడు కళ్ళు తుడుచుకుంటూ, "చూడ్డం మానేశాయి గానీ ఏడవడం మానలేదు, దరిద్రపు కళ్ళు" అని నవ్వుతుంది.

ఆవిడకి ఇంకో విద్య ఉంది. బొబ్బిలి దగ్గర వడ్లు పండే ఇంట్లో పుట్టిన పిల్ల. గుప్పెడు బియ్యం వేళ్ళ మధ్య నలిపి, ఊపిరి ఊది వాసన చూసి, రెండు గింజలు కొరికితే చాలు, పాతవా కొత్తవా, వండితే పొడిగా వస్తాయా ముద్దవుతాయా చెప్పేస్తుంది. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి తెలీబంధాలోని ఒక బియ్యం సేఠ్ దాకా పోయింది. ఆయన కొట్లో మచ్చు బియ్యం చూసి నాణ్యం చెప్పే ముసలాయన మానేశాడు. "శుక్రవారం పదకొండుకి రమ్మనండి, చూద్దాం. ఆలస్యమైతే నేను ధాన్యం మండీకి వెళ్ళిపోతాను" అన్నాడు సేఠ్.

ఇంట్లో మూడు రోజులు రగడ నడిచింది. చివరికి చిన్నారావు తల్లి పైడమ్మ తీర్పు చెప్పింది.

"కోడలా, ఒక్కద్దానివే ఎల్లి ఒక్కద్దానివే రా. దార్లో ఏటీ జరక్కపోతే సోమారం నుంచి నీ ఉద్యోగం నీది. ఏటన్నా జరిగిందా, ఈ ఊసు ఇంకెత్తకూడదు. ఒరే చిన్నా, నువ్వు దానెనకాల ఒక్కడుగేశావంటే నామీదొట్టే."

చిన్నారావు తల్లి తలమీద చెయ్యి వేశాడు.

"పోనీ, ఇదైనా పట్టుకెళ్ళు" అని కారప్పొడి పొట్లం ఒకటి భార్య చేతిలో పెట్టాడు. "ఎవడైనా మీదికొస్తే, వాడి ఊపిరి ఎక్కడ వినబడుతుందో దానికి బెత్తెడు పైన కొట్టు. కిందకి కొడితే మూతిమీద పడి లాభం ఉండదు."

"మీరెవర్నైనా కొట్టారేటండీ ఎప్పుడైనా?"

"నాకంత ధైర్యమేదీ! ఆలోచించి పెట్టుకున్నాను."

శుక్రవారం పొద్దున్నే అతను డ్యూటీకి పిలుపొచ్చిందని, దల్లీ రాజహరా దాకా ఖాళీ బండి తీసుకెళ్ళాలని తల్లికీ పెళ్ళానికీ కలిపి ఒకే అబద్ధం చెప్పాడు. తెల్ల యూనిఫాం వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని బయటపడ్డాడు. నేరుగా వెనక వీధిలో ఉన్న తోటి గార్డు నాగబాబు ఇంట్లో దూరాడు.

రజని మనిషిని వాసనబట్టి, నడకబట్టి పడుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకని ఒంటికి రోజూ రాసుకునే నొప్పుల నూనె పోయేదాకా నాగబాబు ఇంట్లో బట్టల సబ్బుతో రుద్దుకుని స్నానం చేశాడు. బూట్లు విప్పి రబ్బరు చెప్పులు తొడిగాడు. ట్రంకుపెట్టె అడుగున పదేళ్ళుగా కలరా ఉండల మధ్య నిద్రపోతున్న సఫారీ ఒకటి రహస్యంగా తెచ్చుకున్నాడు, అది తొడుక్కున్నాడు. మే నెల ఎండకి రాయపూర్‌లో సగం ఊరు గమ్ఛా తువ్వాలు మొహానికి చుట్టుకునే తిరుగుతుంది కాబట్టి, తనూ కళ్ళు తప్ప అంతా చుట్టేశాడు.

నాగబాబు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ఒరే, నిన్ను నేనే గుర్తుపట్టలేకపోతున్నాను రా."

"అదే గదా కావాల్సింది" అన్నాడు చిన్నారావు. ఆ రోజంతటిలో అతను అనుకున్నట్టు జరిగింది ఆ ఒక్కటే.

రజని సందు చివర షేర్ ఆటో ఎక్కింది. చిన్నారావు పరుగెత్తి అదే ఆటోలో ఎదురుసీటులో ఇరుక్కున్నాడు. మొదట్లో ఇంకో నలుగురున్నారు గనక ఫరవాలేకపోయింది. పండ్రీ బట్టల బజారు దగ్గర ఆ నలుగురూ దిగిపోయారు. ఆటో ఖాళీ అయ్యాక కలరా ఉండల వాసన విజృంభించింది.

రజని ముక్కు ఎగబీల్చింది. కర్ర ఒళ్ళో పెట్టుకుని, "భయ్యా, మీరు ఎక్కడ దిగుతారు?" అని హిందీలో మర్యాదగా అడిగింది.

చిన్నారావు ఊపిరి బిగబట్టాడు. నోరు తెరిస్తే గొంతు దొరికిపోతుంది. గొంతు దొరికితే తల్లి మీద ఒట్టు గంగలో కలుస్తుంది. తల అడ్డంగా ఊపాడు. ఎదటిమనిషికి చూపు లేదన్న సంగతి ఊపాక గుర్తొచ్చింది.

"భయ్యా?"

బిగబట్టిన ఊపిరి ఎంతసేపని ఆగుతుంది? ఒక్కసారిగా బుస్సుమంది.

రజని చెయ్యి మెల్లిగా సంచీలోకి పోయింది. ముందుకి వంగి డ్రైవరుతో గొంతు తగ్గించి మాట్లాడింది. మనహరణ్ అని, ఆ డ్రైవరు అచ్చమైన ఛత్తీస్‌గఢ్ మనిషి. చిన్నారావుకి అంతా వినబడుతూనే ఉంది.

"భయ్యా, నా ఎదురుగా కూర్చున్నదెవరు?"

"ఎవరో, దీదీ. మొహం కనబడనీయకుండా చుట్టుకున్నాడు. మీకు తెలిసినవాడు కాదా?"

"కాదు. ఎటు చూస్తున్నాడు?"

మనహరణ్ అద్దంలోంచి చూశాడు. "మిమ్మల్నే. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు దీదీ."

ఆటోలో ఇప్పుడు ఇద్దరు మనుషులు భయంతో చచ్చిపోతున్నారు. ఒకరికొకరు మొగుడూ పెళ్ళాం.

తెలీబంధా రాకముందే రజని ఆటో ఆపించి దిగిపోయింది. కలరా ఉండల వాసన కూడా దిగింది. ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది. వెనక రబ్బరు చెప్పులు నాలుగు చప్పుళ్ళు చేసి ఆగాయి. వేగం పెంచింది, అవీ పెంచాయి. ఆవిడ మెడ మీద చెమట కారడం చిన్నారావుకి కనిపించింది. 'పాపం, ఎండకి తట్టుకోలేకపోతోంది' అనుకున్నాడు.

అప్పుడు చూశాడు గొయ్యి. నీళ్ళ గొట్టాల కోసం రోడ్డు వార తవ్వి, మనిషి లోతున నోరు తెరిచి వదిలేసిన గొయ్యి. రజని సరిగ్గా దానిమీదికే నడుస్తోంది. పది అడుగులు. ఆరు. మూడు. నిజానికి ఆవిడ కర్ర చివర అప్పటికే గొయ్యి అంచుని తాకింది. ఆవిడ ఆగి, ఎటు తిరగాలా అని కర్రతో తడుముతోంది. కానీ చిన్నారావుకి కర్ర కనబడలేదు, గొయ్యి ఒక్కటే కనబడింది. ఒక్క ఉరుకు ఉరికి వెనకనుంచి ఆవిడ జబ్బ పట్టుకుని గుంజాడు.

రజని గిరుక్కున తిరిగింది. ఊపిరి ఎక్కడ వినబడిందో దానికి బెత్తెడు పైన, పొట్లం మొత్తం.

గురి మాత్రం మెచ్చుకోవాలి.

చిన్నారావుకి లోకమంతా ఒక్కసారి ఎర్రగా వెలిగి ఆరిపోయింది. "చోర్! చోర్!" అన్న రజని కేక వినబడింది. తరవాత చెప్పుల చప్పుళ్ళు, చుట్టూ మనుషులు. ఎవడో కాలరు పట్టుకున్నాడు. ఇంకెవడో చెంప పగలగొట్టాడు. ఏ దిక్కునుంచి వస్తుందో తెలియని దెబ్బ ఎంత పెద్దదో అతనికి అప్పుడే తెలిసింది. రెండోది రాకముందే దానికి కూడా అరిచాడు.

"ఓలమ్మో! రజనీ! నేనేనే! చిన్నారావునే!"

రజని చేతిలో కర్ర కిందపడింది.

"మీరా?" అంది. ఆ ఒక్క మాటలో భయం పోయిన నిట్టూర్పు సగం, మళ్ళీ ఇంకోటి కొట్టాలన్న కోపం సగం. వెంటనే చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగి హిందీలో, "వదిలెయ్యండి. ఈయన మా ఆయన" అంది.

గుంపు వదల్లేదు. ఆటో మనహరణ్ అప్పటికే బండి ఆపేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఝన్ డర్ దీదీ, భయపడకండి!" అన్నాడు. "ఇప్పుడే గదా ఇతనెవరో తెలీదన్నారు? వీడేదో బెదిరించి చెప్పిస్తున్నాడు. మొగుడైతే మాట్లాడకుండా ఎందుకు కూర్చుంటాడు? మొహం ఎందుకు కప్పుకుంటాడు?"

అది న్యాయమైన ప్రశ్నే.

"ఇంటి ఫోను నంబరు చెప్పు" అన్నాడు ఎవరో పెద్దమనిషి. చిన్నారావు మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు తల్లి నంబరు చెప్పాడు. ఫోను మోగింది. అందరికీ వినబడేలా పెట్టారు.

"అమ్మాజీ, ఇక్కడ ఒకణ్ణి పట్టుకున్నాం. పేరు చిన్నారావట, మీ కొడుకునంటున్నాడు."

అవతలనుంచి పైడమ్మ గొంతు ఖంగుమంది. ముప్పై ఏళ్ళు రాయపూర్‌లో ఉన్నా ఆవిడ హిందీకి బొబ్బిలి యాస వదల్లేదు. "మేరా బేటా డ్యూటీ గయా! గూడ్స్ గాడీ మే గయా! ఓ చోర్ హై. నా కొడుకు పేరు చెప్పుకుంటాడా ఎదవ? మారో! గట్టిగా మారో!"

కన్నతల్లి అనుమతి దొరికాక ఎవరాగుతారు? ఇంకో రెండు పడ్డాయి. "ఠాణాకి పదండి" అన్నారు.

ఠాణా మాట చిన్నారావు చెవిన పడింది. కేసు రాస్తే డ్యూటీ మాటేమిటి? కళ్ళు తెరుద్దామంటే నిప్పుకణికలు. అటూ ఇటూ చేతులు చాపితే ఎవరెవరివో చొక్కాలు తగిలాయి, పెళ్ళాం తగల్లేదు. ఇరవై రెండేళ్ళ భయాలన్నీ ఒక ఎత్తు, ఈ చీకట్లో రజని ఏ పక్కనుందో తెలియకపోవడం ఒక ఎత్తు.

రజనికి మాత్రం లెక్క తెలుసు. సేఠ్ పదకొండుకి వెళ్ళిపోతాడు. ఠాణా గుమ్మం ఎక్కితే సాయంత్రం. అత్తగారికి తెలుస్తుంది. 'ఏటన్నా జరిగిందా' అన్న మాటకి ఇంతకంటే పెద్ద అర్థం ఉండదు. ఉద్యోగం గొయ్యిలోకి పోతుంది.

గొంతు సవరించుకుంది.

"అన్నల్లారా," అంది హిందీలో, "నాకు చెప్పుకోడానికి సిగ్గేసింది. మా ఆయనకి కూడా కళ్ళు కనబడవు. నా కర్ర చప్పుడు పట్టుకుని వెనకాల వస్తాడు. కొత్తచోట్లంటే భయం, నోరు పెగలదు. ఎవరో పరాయివాడనుకుని నేనే కారం కొట్టాను. నాకూ కనబడదు గదా!"

గుంపులోంచి ఎవరో ఆడమనిషి "హాయ్ రే, అంధా హై బేచారా!" అంది. అంతే, కాలరు పట్టుకున్న చెయ్యే కాలరు సర్దింది. చెంప పగలగొట్టిన చెయ్యే చెంప నిమిరింది. మజ్జిగ వచ్చింది, నీళ్ళు వచ్చాయి, పక్క కొట్టువాడు తువ్వాలు తెచ్చాడు. కళ్ళుండీ గుడ్డివాణ్ణి కొట్టామని ఇద్దరు చెంపలు వాయించుకున్నారు.

"నేను..." అని చిన్నారావు నోరు తెరిచాడు.

"మీరు నోరు మూసుకోండి," అంది రజని తెలుగులో, చాలా తియ్యగా. "ఇందాకా ఆటోలో ఎంచక్కా మూసుకున్నారు గదా, అలగే. నా మోచెయ్యి పట్టుకోండి. అరడుగు వెనక నడవండి. నేనాగితే ఆగండి."

అతను పట్టుకున్నాడు. ఎప్పుడూ అతను ఆవిణ్ణి రెక్క పట్టి లాక్కుపోయేవాడే గానీ, మోచెయ్యి అందుకోవడం ఇదే మొదలు. లారీ హారను గుండెల మీద మోగింది, రజని ఆగలేదు. "అది అవతలి వారనుంది లెండి" అంది. ఏదో మెత్తగా కాలికి తగిలి "ఓలమ్మో" అన్నాడు; "కుక్క. దానికి మీకంటే ఎక్కువ భయమేసింది" అంది.

మనహరణ్ కిరాయి తీసుకోకుండా ఇద్దర్నీ సేఠ్ కొట్టు ముందు దింపాడు. దింపి ఊరుకుంటే బాగుండేది. లోపలికొచ్చి ఈ అంధ దంపతుల కథ మొత్తం, తను చేర్చవలసినవి చేర్చి, సేఠ్‌కి చెప్పి కళ్ళు ఒత్తుకుని వెళ్ళాడు. గోడ గడియారం పదకొండు కొట్టింది.

చిన్నారావుని ఒక బస్తా మీద కూర్చోబెట్టారు. కళ్ళ మంట తగ్గుతోంది. రెప్ప సన్నగా తెరిస్తే వెలుగు కూడా వచ్చింది. కానీ ఇప్పుడు తెరిస్తే సేఠ్ ముందు రజని అబద్ధాలకోరు అవుతుంది. గట్టిగా మూసుకున్నాడు.

పళ్ళాలు వరసగా బల్లమీద పెట్టిన చప్పుడు. ఆరు లెక్కపెట్టాడు. గింజలు జారిన చప్పుడు. రజని ఊపిరి ఊదింది. కటుక్కున గింజ విరిగింది. తరవాత చాలాసేపు ఫ్యాను తప్ప ఏమీ లేదు. 'తెలీలేదు కావాల. అయిపోయింది' అనుకున్నాడు. చిత్రమేమిటంటే, మూడు రోజులుగా ఈ ఉద్యోగం రాకూడదని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు రాకపోతే ఎలాగని భయపడుతున్నాడు.

"ఇది దూబరాజ్ రకం, ఏడాది పాతది" అంది రజని. "ఇది జీరాఫూల్, మొన్న మరాడించింది. మూడోదానిలో రెండు రకాలు కలిపేశారు. నాలుగూ అయిదూ ఒకే బస్తాలోవి, నన్ను తికమక పెట్టడానికి వేరే పళ్ళాల్లో పోశారు. ఆరోది..." ఆగింది. చిన్నారావు గుండె కూడా ఆగింది. "సేఠ్‌జీ, ఆరోది మామూలు బియ్యం. సెంటు పూశారు. ఇది మీరు పరీక్షకి పెట్టారా, లేకపోతే సుగంధాల బియ్యమని మీకెవరైనా అమ్మేశారా?"

సేఠ్ కుర్చీ కిర్రుమంది.

"నలభై బస్తాలు కొన్నాను బేటీ" అన్నాడు నీరసంగా. "సోమవారం నుంచి రా. కాదు, రేపే వచ్చినా మంచిదే."

ఆ సంతోషంలో ఆయన చిన్నారావు దగ్గరికొచ్చి చేతిలో పేడా మిఠాయి పెట్టాడు. చిన్నారావు దాన్ని తడుముకుని, ముందు గడ్డానికి పెట్టుకుని, తరవాత నోట్లో పెట్టుకున్నాడు. నటన అక్కడ బాగా కుదిరింది.

"మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా. ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తాడు పాపం! ఇక్కడో మూల కూర్చుంటాడు."

"వద్దు సేఠ్‌జీ. ఆయన్ని మా అత్తమ్మ చూసుకుంటుంది" అంది రజని.

తిరుగు ఆటో పండ్రీ దాటింది.

"నువ్వు నన్ను గుర్తుపట్టలేదేటి?" అన్నాడు చివరికి చిన్నారావు, నేరం ఎదటివాళ్ళ మీదికి తోసే మొగుడి గొంతుతో.

"వాసన కడిగేసుకుని, నడక మార్చేసుకుని, మాట మింగేసుకుని వచ్చిన మొగుణ్ణి ఏ పెళ్ళాం గుర్తుపడుతుందండీ?" అంది రజని. "గొయ్యికి భయపడలేదు నేను. లారీలకి భయపడలేదు. కళ్ళు పోయిన్నాడు కూడా ఇంత భయమెయ్యలేదు. ఈ రోడ్డు మొత్తానికి నాకు భయం పుట్టించింది ఒక్కటే. అది మా ఇంట్లోంచే వచ్చింది."

చిన్నారావు ఆవిడ మోచెయ్యి మాత్రం వదల్లేదు.

రజని ముందు ఇంటికెళ్ళింది. చిన్నారావు నాగబాబు ఇంట్లో బట్టలు మార్చుకుని, బండి రద్దయిందని గంట ఆలస్యంగా వచ్చాడు. కళ్ళు బొప్పాయి ముక్కల్లా ఉన్నాయి. బొగ్గు నుసి పడిందన్నాడు. పైడమ్మ కోడలికేసి తిరిగింది.

"దార్లో ఏటీ జరగలేదు గదా?"

"ఏటీ లేదత్తమ్మా."

"మరి ఇక్కడ జరిగింది!" అంది పైడమ్మ ఉత్సాహంగా. "ఒరే చిన్నా, ఎవడో ఎదవ దొంగతనం చేస్తూ దొరికిపోయి నీ పేరు చెప్పాడంట రా. ఫోను చేశారు. నాలుగు తన్నమన్నాను. తన్నారు కూడాను, నేనిన్నాను. మంచిపని చేశానా?"

చిన్నారావు చెంప తడుముకున్నాడు. "మంచిపనే చేశావమ్మా" అన్నాడు.

సోమవారం రజని ఒక్కతే వెళ్ళి పనిలో చేరింది. మూడేళ్ళయింది, ఇప్పటికీ ఒక్కతే వెళుతోంది. చిన్నారావు కూడా ఎప్పుడైనా ఆవిడతో అటు వెళ్ళవలసి వస్తే వెళతాడు. తెలీబంధా మలుపు రాగానే కళ్ళు మూసుకుని, పెళ్ళాం మోచెయ్యి పట్టుకుంటాడు.